విగ్రహం ఎవరిది? చేసిందెవరు?
(లండన్ సిటీ బస్సుల్లో మూడు రోజులు)

విద్యార్థి సంఘం కార్యదర్శి ఫోను చేసి, “మేడమ్, మీరు లండన్ వెళ్ళొచ్చారట కదా, ఈ ఏడు సావనీర్‌కి ఏదైనా రాసిపెట్టండి” అన్నాడు. లండన్ అనగానే అందరూ రాసేవి ఉన్నాయి. రాజసౌధం, టవర్‌లో దాచిన కోహినూరు, థేమ్స్ నది మీద వంతెనలు. అవన్నీ నేనూ చూశాను. కాని వాటి గురించి మీకు నాకంటే ఎక్కువే తెలుసు. అందుకని నేను వేరే సంగతి రాస్తున్నాను. సిటీ బస్సు ఎక్కి, వీధుల్లో ఉన్న విగ్రహాలను చూసుకుంటూ తిరిగిన సంగతి. అందులో ఒక లెక్క తేలింది. ఆ లెక్క చివరికి మన కళాశాల లైబ్రరీ గుమ్మం దగ్గరికి వచ్చి ఆగింది. అది చివర్లో చెబుతాను.

2024 జూన్ నెలలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. అమ్మాయీ అల్లుడూ పొద్దున్నే ఉద్యోగాలకు వెళ్ళిపోయేవారు. “అమ్మా, ఒక్కదానివీ తిరగలేవు, శనివారం దాకా ఆగు, కారులో తిప్పుతాను” అంది అమ్మాయి. “ముప్ఫై ఏళ్ళు పిల్లలకు ఇంగ్లండు చరిత్ర చెప్పాను, ఆ ఊళ్ళో బస్సెక్కడం రాదుటే నాకు?” అని బయల్దేరాను.

అక్కడి బస్సుల గురించి రెండు ముక్కలు చెప్పాలి. 2014 జూలై నుంచి లండన్ బస్సుల్లో డబ్బులు తీసుకోరు. కార్డు ఉండాలి. ఎక్కేటప్పుడు డ్రైవరు పక్కనున్న యంత్రానికి దాన్ని ఆనిస్తే సరి. ఒకసారి ఛార్జీ పడితే, గంటలోగా ఇంకెన్ని బస్సులు మారినా మళ్ళీ పడదు. 2016లో పెట్టిన పద్ధతి ఇది. మొదట ఒక్కసారి మారడానికే ఒప్పుకునేవారు, 2018 నుంచి ఎన్నిసార్లయినా మారవచ్చు. రాబోయే స్టాపు పేరు బస్సులోనే వినిపిస్తుంది. కనుక దిగాల్సిన చోటు దాటిపోతుందన్న బెంగ లేదు. పై అంతస్తులో ముందు సీటు దొరికిందా, ఊరంతా మన ముందు ఊరేగింపులా నడుస్తుంది. నాలాంటి మోకాళ్ళ నొప్పుల మనిషికి ఇంతకంటే ఏం కావాలి!

మొదటి రోజు: పార్లమెంటు నుంచి ట్రఫాల్గర్ దాకా

ట్యూబ్ రైల్లో వెస్ట్‌మినిస్టర్ స్టేషన్‌లో దిగి పైకి వస్తే, వంతెన పక్కనే గుర్రాల రథం మీద చేతులెత్తి నిలబడ్డ స్త్రీ మూర్తి కనిపిస్తుంది. ఆమె బొడిసియా. క్రీ.శ. 60 ప్రాంతంలో రోమన్ల మీద తిరగబడ్డ రాణి. చేసిన శిల్పి థామస్ థార్నిక్రాఫ్ట్. ఆయన 1885లోనే చనిపోగా, విగ్రహాన్ని 1902లో అక్కడ నిలబెట్టారు. రథం చుట్టూ మూగి ఫొటోలు తీసుకుంటున్న వందమందిలో ఒక్కరికైనా తెలుసో లేదో, ఆయన భార్య మేరీ థార్నిక్రాఫ్ట్ కూడా పేరున్న శిల్పి. విక్టోరియా రాణి పిల్లల విగ్రహాలు చేసింది ఆమే. రాణిగారి కూతురు లూయీజాకు శిల్పం నేర్పిందీ ఆమే. ఆ లూయీజా పెద్దయ్యాక చెక్కిన తల్లి పాలరాతి విగ్రహం కెన్సింగ్టన్ రాజసౌధం ముందు 1893 నుంచీ ఉంది. గురువుగారి భర్త రథాన్ని ఊరంతా చూస్తుంది. గురువు పేరు మాత్రం వెతుక్కోవాలి.

అక్కణ్ణుంచి నాలుగడుగులు వేస్తే పార్లమెంటు చౌకు. చర్చిల్, లింకన్, మండేలా, 2015లో వచ్చిన మన గాంధీగారు, అందరూ అక్కడే ఉన్నారు. 2018 దాకా ఆ చౌకులో పదకొండు విగ్రహాలు. పదకొండూ మగవారివే. ఆ ఏడాది ఏప్రిల్ 24న పన్నెండవదిగా మిలిసెంట్ ఫాసెట్ వచ్చింది. స్త్రీల ఓటు హక్కు కోసం సభలు పెట్టి, అర్జీలు రాసి, అరవై ఏళ్ళు విడవకుండా శాంతంగా పోరాడిన మనిషి. 1918లో ముప్ఫై ఏళ్ళు దాటి కొంత ఆస్తి అర్హత ఉన్న స్త్రీలకు ఓటు వచ్చింది. పురుషులతో సమానంగా రావడానికి 1928 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ మరుసటి ఏడే ఆమె కన్నుమూసింది.

విగ్రహం చేసింది జిలియన్ వేరింగ్ అనే స్త్రీ. ఆ చౌకులో స్త్రీ చేసిన మొదటి విగ్రహమూ అదే. ఫాసెట్ గుర్రమెక్కి లేదు, కత్తి పట్టలేదు. మామూలు కోటు వేసుకుని, ఉతికిన బట్ట ఆరవేస్తున్నట్టు రెండు చేతులతో ఒక బ్యానరు పట్టుకుని నిలబడింది. ఒకరి ధైర్యం మరొకరి ధైర్యాన్ని పిలుస్తుందన్న అర్థం వచ్చే ఆమె మాట దాని మీద ఉంది. ఇంతకంటే నాకు నచ్చింది కింది దిమ్మ. దాని చుట్టూ ఆ ఉద్యమంలో పనిచేసిన 59 మంది ముఖాలు, పేర్లతో సహా వేశారు. 55 మంది స్త్రీలు, నలుగురు పురుషులు. పంజాబు మహారాజు దులీప్ సింగ్ కూతురు సోఫియా కూడా వారిలో ఉంది. పెద్దదిగా ఒక్కరినే నిలబెట్టినా, ఒక్కరి వల్లే జరగలేదని ఒప్పుకున్న దిమ్మ అది!

పార్లమెంటు పక్క తోటలో ఎమెలీన్ పాంక్‌హర్స్ట్ విగ్రహం ఉంది, 1930 నాటిది. చేసినవాడు ఆర్థర్ జార్జ్ వాకర్. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాడు.

తర్వాత 24వ నంబరు బస్సెక్కి వైట్‌హాల్ వీధిలో వెళ్ళాను. బస్సు పైనుంచి నడివీధిలో ఒక పెద్ద కంచు దిమ్మ కనిపిస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధంలో పనిచేసిన స్త్రీల స్మారకం, 2005లో పెట్టారు. దాని చుట్టూ కొక్కేలకు తగిలించినట్టు పదిహేడు రకాల దుస్తులున్నాయి, కోట్లూ, టోపీలూ, పని బట్టలూ. మనుషులు మాత్రం లేరు. యుద్ధం అయిపోగానే బట్టలు విప్పి తగిలించి ఇళ్ళకు వెళ్ళిపోయారన్న భావం కావచ్చు. మంచి ఊహే. అయినా ఆ వీధి పొడుగునా సేనాపతులందరికీ ముఖాలున్నాయి, వీళ్ళకు బట్టలే మిగిలాయి అనిపించింది.

ట్రఫాల్గర్ చౌకులో దిగితే నాలుగు మూలలా నాలుగు దిమ్మలుంటాయి. మూడింటి మీద విగ్రహాలున్నాయి. నాలుగోది డబ్బు చాలక నూట యాభై ఏళ్ళకు పైగా ఖాళీగా ఉండిపోయింది. 1999 నుంచి దాని మీద కొంతకాలం చొప్పున కొత్త శిల్పాలు పెడుతున్నారు. రేచెల్ వైట్‌రీడ్ 2001లో ఆ దిమ్మకే పారదర్శకమైన నకలు పోతపోసి దాని మీదే తలకిందులుగా నిలబెట్టింది. కథరీనా ఫ్రిట్ష్ 2013లో నీలిరంగు కోడిపుంజును పెట్టింది. హెదర్ ఫిలిప్సన్ 2020లోనూ, మెక్సికో నుంచి వచ్చిన తెరెసా మార్గొయెస్ 2024 సెప్టెంబరులోనూ తమ శిల్పాలు ఎక్కించారు. శాశ్వతమైన దిమ్మల మీద చోటు దొరకని స్త్రీలకు, ఖాళీ దిమ్మ మీద వంతు దొరికిందన్నమాట.

పక్కనే నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ. ఆ భవనం ముఖభాగం మీద పూర్వం చెక్కిన తలలన్నీ మగవారివే. 2023లో గ్యాలరీని బాగుచేసి తెరిచినప్పుడు ట్రేసీ ఎమిన్ చేత కంచు తలుపులు చేయించారు. వాటి మీద 45 మంది స్త్రీల ముఖాలు, గబగబా చేత్తో గీసినట్టు ఉన్నాయి. ఎవరికీ పేర్లు లేవు. మా అమ్మ పోలికొకటి, మా పక్కింటి పిన్నిగారి పోలికొకటి కనబడ్డాయంటే నమ్మండి. లోపలికి వెళ్ళడానికి టిక్కెట్టు లేదు. తలుపులు చూడ్డానికైతే లోపలికే వెళ్ళనక్కర్లేదు.

అక్కడికి పది నిమిషాల నడకలో వాటర్లూ ప్లేస్. దక్షిణ ధ్రువం చేరి, తిరుగుదారిలో 1912లో మంచులో ప్రాణాలు విడిచిన కెప్టెన్ స్కాట్ కంచు విగ్రహం అక్కడుంది. 1915లో దాన్ని చేసింది ఎవరనుకున్నారు? ఆయన భార్య కాథ్లీన్ స్కాట్. ఆమె అప్పటికే శిల్పి. నాకు తెలిసినంతలో, భర్త పోయిన స్త్రీకి లోకం ఇచ్చే పని కన్నీళ్ళు కార్చడం. ఆమె మట్టి పిసికి, అచ్చు తీసి, కంచు పోయించి ఆయన్ని నడివీధిలో నిలబెట్టింది. ఆ పక్కనే అదే 1915లో పెట్టిన ఫ్లోరెన్స్ నైటింగేల్ ఉంది. చేసింది మన వాకరే!

రెండో రోజు: 73వ నంబరు బస్సు

రెండో రోజు కార్యక్రమమంతా ఒక్క బస్సు మీదే జరిగింది. ఆక్స్‌ఫర్డ్ సర్కస్ దగ్గర జాన్ లూయిస్ అనే పెద్ద దుకాణం పక్క గోడకు బార్బరా హెప్‌వర్త్ చేసిన ‘రెక్కల రూపం’ ఉంది. 1963 నాటిది, అల్యూమినియంతో చేసింది, దాదాపు పందొమ్మిది అడుగుల ఎత్తు. రెండు రెక్కలు, వాటి మధ్య వీణ తీగల్లా బిగించిన సన్నని కడ్డీలు. అది ఏ దేవతా కాదు, ఏ రాణీ కాదు. కాని కింద నిలబడి చూస్తే మనిషికి ఒళ్ళు తేలికవుతుంది. హెప్‌వర్త్ నలుగురు బిడ్డల తల్లి. అందులో ముగ్గురు 1934లో ఒకే కాన్పులో పుట్టినవారు. అయినా ఉలి వదల్లేదు. న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి భవనం ముందున్న పెద్ద కంచు శిల్పం కూడా ఆమెదే.

అక్కడ 73 ఎక్కి యూస్టన్ దగ్గర దిగి, టావిస్టాక్ చౌకులోకి నడిచాను. మధ్యలో గాంధీగారు పద్మాసనం వేసుకుని కూర్చున్నారు. 1968లో ప్రధాని హరాల్డ్ విల్సన్ ఆవిష్కరించాడు. దిమ్మలో చిన్న గూడులా వదిలారు, అందులో ఎవరో పువ్వులు పెట్టి ఉన్నారు. చేసింది పోలండులో పుట్టిన ఫ్రెడా బ్రిలియంట్ అనే స్త్రీ. ఆ తోట మూలలోనే డాక్టర్ లూయీజా ఆల్డ్రిచ్-బ్లేక్ అనే శస్త్రవైద్యురాలి స్మారకం ఉంది. అందులోని అర్ధ విగ్రహాలు చేసింది ఎవరు? మళ్ళీ ఆర్థర్ జార్జ్ వాకర్! ఉద్యమ నాయకురాలు, నర్సు, డాక్టరు, ముగ్గురినీ ఆయనే చేశాడు. ఆయనను తప్పుపట్టడం లేదు, చక్కగా చేశాడు. స్త్రీల విగ్రహాలు పెట్టాలని ఊరికి బుద్ధి పుట్టిన రోజుల్లో కూడా, పని ఇవ్వడానికి ఎవరి పేరు ముందు తడుతుందో చెబుతున్నానంతే.

ఆ చౌకు పక్కనే 2005 జూలై 7న 30వ నంబరు బస్సులో బాంబు పేలి పదముగ్గురు చనిపోయారు. అక్కడ స్మారకం ఉంది. నేనూ బస్సు దిగి వచ్చినదాన్నే కదా, రెండు నిమిషాలు నిలబడ్డాను.

పక్కది గోర్డన్ చౌకు. ఇక్కడ ఇద్దరున్నారు. ఒకరు రవీంద్రనాథ్ ఠాగూర్, 2011లో పెట్టినది, శిల్పి షెండా ఆమెరీ. రెండవది నూర్ ఇనాయత్ ఖాన్, 2012 నవంబరు 8న ఆవిష్కరించినది, శిల్పి కారెన్ న్యూమన్. నూర్ తండ్రి ఇనాయత్ ఖాన్ గొప్ప సంగీత విద్వాంసుడు. మన హైదరాబాదులో ఉండి, అక్కడే సూఫీ గురువును ఆశ్రయించినవాడు. నూర్ 1914లో పుట్టింది. 1943 జూన్‌లో, జర్మన్ల ఆక్రమణలో ఉన్న ఫ్రాన్సులోకి బ్రిటన్ రహస్యంగా పంపిన మొదటి స్త్రీ వైర్‌లెస్ ఆపరేటర్ ఆమె. పట్టుబడింది. 1944 సెప్టెంబరులో డాకౌ శిబిరంలో కాల్చి చంపారు. అప్పటికి ముప్ఫై ఏళ్ళు. ఆమె ఉన్న ఇల్లు ఆ చౌకు పక్క వీధిలోనే.

ఇప్పుడు లెక్క చూడండి. అయిదు నిమిషాల నడకలో మనవాళ్ళు ముగ్గురు: గాంధీ, ఠాగూర్, నూర్. ముగ్గురినీ చేసింది స్త్రీలే! చరిత్ర లెక్చరర్‌నై ఉండి, ఠాగూర్ విగ్రహం ఎదుట బెంచీ మీద కూర్చునేదాకా ఈ సంగతి నాకు తట్టనే లేదు. ఎందుకంటే విగ్రహం చూడగానే నేను అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే, ‘ఇది ఎవరిది?’ అని. ‘చేసిందెవరు?’ అన్న రెండో ప్రశ్న ఏనాడూ అడగలేదు.

మళ్ళీ 73 ఎక్కి న్యూయింగ్టన్ గ్రీన్‌లో దిగాను. 1784లో మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ ఆడపిల్లలకు బడి పెట్టిన చోటది. స్త్రీల హక్కులను సమర్థిస్తూ 1792లో ఆమె రాసిన పుస్తకం గురించి బి.ఏ. పిల్లలకు ఏటా చెప్పేదాన్ని. పదేళ్ళు చందాలు పోగుచేసి 2020 నవంబరులో ఆమె పేర ఒక శిల్పం పెట్టారు. శిల్పి మ్యాగీ హాంబ్లింగ్. పైకి పొంగిన వెండి రంగు ముద్దలోంచి, కొసన చిన్న నగ్న స్త్రీ రూపం. పెట్టిన నాడే గొడవ మొదలైంది. పుస్తకాలు రాసిన మనిషికి బట్టల్లేని బొమ్మా అని కొందరు దానికి బట్టలు కూడా కప్పారు. అది మేరీ కాదు, ఏ కాలపు బట్టలూ లేని ప్రతి స్త్రీ అని శిల్పి సమాధానం. నిజం చెప్పొద్దూ, నాకూ నచ్చలేదు. కాని స్త్రీ చేసింది కాబట్టి మెచ్చుకోవాలన్న నియమం ఎక్కడా లేదు. నచ్చకపోవడానికైనా ముందు చేసే అవకాశం ఉండాలి కదా!

మూడో రోజు: ఎందుకు తక్కువయ్యారు?

మూడో రోజు ట్యూబ్‌లో పిమ్లికోలో దిగి టేట్ బ్రిటన్ గ్యాలరీకి వెళ్ళాను. 1520 నుంచి 1920 దాకా బ్రిటన్‌లో పనిచేసిన స్త్రీ కళాకారుల ప్రదర్శన ఆ వేసవిలో అక్కడ జరిగింది. వందమందికి పైగా స్త్రీల పనులు ఒకేచోట! ఇన్ని శతాబ్దాలు ఇంతమంది పనిచేస్తే వీధుల్లో ఎందుకు కనబడలేదు? దానికి కారణం తెలివితేటల లోటు కాదు, తరగతి గది తలుపు.

1768లో రాయల్ అకాడమీ పెట్టినప్పుడు సభ్యుల్లో ఇద్దరు స్త్రీలున్నారు, ఏంజెలికా కాఫ్‌మన్, మేరీ మోసర్. ఆ సభ్యులందరూ మోడల్‌ను చూసి బొమ్మ గీసే గదిలో ఉన్నట్టు జొఫానీ ఒక పెద్ద చిత్రం వేశాడు. వివస్త్రగా ఉన్న మోడల్ ఎదుట ఆడవాళ్ళు ఉండరాదు గనుక ఈ ఇద్దరినీ గోడకు తగిలించిన పటాలుగా వేశాడు! వారి తర్వాత పూర్తి సభ్యత్వం దక్కిన స్త్రీ లారా నైట్, 1936లో. అకాడమీ బడిలో ఆడపిల్లలను చేర్చుకునేవారే కారు. 1860లో లారా హెర్ఫర్డ్ తన పేరులో మొదటి అక్షరం మాత్రమే రాసి బొమ్మలు పంపితే, మగపిల్లవాడనుకుని సీటిచ్చారు. అలా తెరుచుకుంది తలుపు. చేరాక కూడా మనిషి శరీరాన్ని చూసి గీసే తరగతి 1893 దాకా వారికి దొరకలేదు. దొరికినా మోడల్‌కు బట్ట చుట్టి ఉండేది. ఎముక, కండ ఎలా కదులుతాయో చూడనివ్వకుండా నిలువెత్తు విగ్రహం చెయ్యమంటే ఎలా చేస్తారు? ఆ పైన కంచు పోత, పెద్ద షెడ్డు, కూలీలు, కమిటీలతో బేరం. అన్నీ డబ్బుతోనూ పలుకుబడితోనూ పని. ఇంట్లో కూర్చుని పువ్వులు గీయడానికి ఎవరూ అడ్డు చెప్పలేదు, వీధిలో విగ్రహం నిలబెట్టడానికే ఇన్ని అడ్డాలు.

మన లైబ్రరీ గుమ్మం

అదంతా పరాయి దేశం కథ అని మీరనవచ్చు. 1986లో హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద విగ్రహాలు వరసగా నిలబెట్టారు. రుద్రమదేవి ఉంది, మొల్ల ఉంది. ఈసారి బస్సులో అటు వెళ్ళినప్పుడు రెండో ప్రశ్న కూడా అడగండి. మీ ఊళ్ళో బస్‌స్టాండు నుంచి కాలేజీ దాకా ఎన్ని విగ్రహాలున్నాయో, అందులో స్త్రీలు ఎందరో, తల్లులనీ దేవతలనీ కాక పేరూ ఊరూ ఉన్న మనుషులుగా ఎందరో, చేసిందెవరో ఒక నోటుపుస్తకంలో రాయండి. బస్సు ఛార్జీ తప్ప ఖర్చు లేదు.

ఇక లైబ్రరీ సంగతి. గుమ్మం పక్కన మన వ్యవస్థాపకుల అర్ధ విగ్రహం మీరందరూ చూసిందే. 1983 కళాశాల దినోత్సవానికి దాన్ని ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో చేసింది బి.ఎస్సీ. రెండో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి. ఒక పాత ఫొటో చూసి, హాస్టలు వెనక వరండాలో నలభై రోజులు చేసింది. ఫలకం మీద ఆవిష్కరించిన ముఖ్య అతిథి పేరుంది, ప్రిన్సిపాల్ పేరుంది, యూనియన్ అధ్యక్షుడి పేరుంది. చేసిన పిల్ల పేరు లేదు. ఆ ఫలకం మీద మాటలు రాసింది నేనే. అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్ళు, ఆహ్వాన సంఘంలో ఏకైక స్త్రీని. మరుసటి ఏడు ఆ అమ్మాయి వచ్చి, “మేడమ్, శిల్పం నేర్చుకోడానికి ఫైన్ ఆర్ట్స్ కాలేజీకి అప్లికేషన్ పెట్టనా?” అంది. “ఉలీ సుత్తీ పట్టుకుని ఎక్కడ తిరుగుతావే, బి.ఇడి. చెయ్యి, ఉద్యోగం వస్తుంది” అన్నాను. బి.ఇడి. చేసింది. ఉద్యోగమూ వచ్చింది. నేను చెప్పింది తప్పు సలహా అని ఇప్పటికీ తేల్చి చెప్పలేను. కాని తలుపు వేసింది ఏ రాయల్ అకాడమీయో కాదు, నేను.

తిరిగి వచ్చాక నంబరు సంపాదించి ఫోను చేశాను. ఆమె కూడా ఇప్పుడు రిటైరైంది. ఫలకం మీద పేరు వేయమని యూనియన్‌ను అడుగుతానన్నాను. “ఇన్నాళ్ళకు ఎందుకులెండి మేడమ్” అని నవ్వింది. ఫోను పెట్టేస్తుందనుకున్నాను. కాసేపాగి, “వేస్తే మాత్రం ఇంటిపేరు పుట్టింటిది వెయ్యండి మేడమ్. అది చేసేటప్పటికి నాకింకా పెళ్ళి కాలేదు కదా” అంది.

కార్యదర్శి గారూ, వ్యాసం అడిగారు, రాశాను. ఆ పేరు విడిగా చీటీ మీద రాసి పంపుతున్నాను. ఫలకానికయ్యే ఖర్చు నాది. వచ్చే కళాశాల దినోత్సవంలోగా బిగించే పని మీది.